పద్దెనిమిదో నంబరు

సూర్‌లో మా టైలరింగ్ దుకాణానికి
తెల్ల దిష్‌దాషా కొలతలివ్వడానికొచ్చి
ఖల్ఫాన్ మాస్టారు నా వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు.
మెడ దగ్గర వేలాడే కుచ్చు కడుతున్నాను అప్పుడు:
నలభై పోగులు, మూడు ముళ్ళు, ఒక్క కత్తెర.
"ఈగను కడతావా?" అన్నాడు.
నా అరబ్బీ అంతంతమాత్రం.
ఈగను తోలమన్నాడేమోనని
బల్ల మీద గుడ్డ విదిలించాను.

నవ్వి, జేబులోంచి డబ్బీ తీశాడు.
చదువుకోను పోయిన చలిదేశంలో అంటుకున్న పిచ్చి అట.
లోపల గాలాలు, ఒక్కోటి నూకంత.
పద్దెనిమిదో నంబరు.
నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుందని
నాకు విడమరిచి చెప్పబోయాడు.
నూలూ అంతే కదా,
నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం.
సిరిసిల్ల మరమగ్గాల మీద పదకొండేళ్ళు.
చెవులు మొద్దుబారాయి గానీ
వేళ్ళు బారలేదు.

మొదటివారం నేను కట్టినవన్నీ
పెళ్ళికి బయల్దేరిన ఈగలు.
జరీ నడుము, నెమలిపచ్చ పట్టు,
కోళ్ళ దుకాణంలో అడిగి తెచ్చిన పుంజు మెడ ఈక.
శుక్రవారం తీవీ వాదీకి పోయాం,
కొండ చీలికలో అరటితోటలు, కింద పచ్చని మడుగు.
చేపలు దగ్గరికొచ్చి చూశాయి.
చూసి,
సంబంధం నచ్చని పెద్దమనుషుల్లా
మర్యాదగా పక్కకు తిరిగాయి.

"నీళ్ళనడక్కుండా కట్టావు" అన్నాడు మాస్టారు.
దిష్‌దాషా నడుముకు బిగించి, దిగి,
ఒక రాయి తిరగేశాడు.
అడుగున మూడు తోకల పురుగు,
తడి సున్నం మీద ఎవరో గోటితో గీసినంత.
నిరుడు వాన లేదు, ఇవీ లేవు.
ఈసారి జనవరిలో రెండ్రోజులు వాదీ పొంగింది.
"కూర్చో. నీడ ఎదుటి కొండ సగం ఎక్కనీ."

నాలుగున్నరకు లేచాయి.
మొదట ఉసిళ్ళు గుర్తొచ్చాయి,
తొలకరి రాత్రి దీపం కింద అమ్మ పెట్టే నీళ్ళపళ్ళెం,
అందులో కుప్పలుగా రెక్కలు.
ఇవి అట్లా ఎగబడవు.
ఒక్కొక్కటిగా
నీటి పొరను లోపలినుంచి తలతో నెట్టి
పాత చొక్కా విప్పుకుంటూ
ఒక రెక్క బయట, ఒక రెక్క లోపల.

ఎగిరిపోయేవాటిని చేపలు పట్టించుకోలేదు.
అడుగున పాకేవాటినీ.
చొక్కాలో సగం ఇరుక్కున్నదాన్ని మాత్రం
చప్పుడు లేకుండా చప్పరించాయి.
మాస్టారు ఏదో చెప్పబోయాడు.
తెలుసు, అన్నాను.
ఎట్లా తెలుసని ఆయనడగలేదు.
పాత కంపెనీ బీరువాలో నా పాస్‌పోర్టు
పంతొమ్మిది నెలలున్న సంగతి
నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి జరీ అవతల పెట్టాను.
కుచ్చుల్లో మిగిలిన బూడిద పోగును రెండుగా చీల్చి చుట్టి,
రేకుల మీది పావురం రాల్చిన ఈకలోంచి
రెక్క కాదు,
రెక్క కాబోయే ముడతను మాత్రం కట్టాను.
కత్తిరించాల్సిన చోట కత్తిరించలేదు.
మిగిలిన పోగును విడిచిన చొక్కాలా వెనక వేలాడనిచ్చాను.
మగ్గం మీద ఇట్లా పోగు వదిలితే
సేటు కూలి కోసేవాడు.

పై శుక్రవారం రెండో విసురుకే పడింది.
జానెడు చేప, ఇద్దరికి పులుసు.
చింతపండు ఎంత నానబెట్టాలో లెక్క తేలకముందే
మాస్టారు తడిచేత్తో గాలం తప్పించి వదిలేశాడు.
గాలానికి ముల్లుండదు, పట్టుకారుతో ముందే నొక్కేస్తాడు.
ఒడ్డున నేను
చేపలాగే నోరు తెరిచి.

ఇప్పుడు ఆయన డబ్బీలో నావి ఇరవై మూడు.
నిన్న వాదీ నుంచి తిరిగొచ్చి మిషను దీపం వేస్తే
చొక్కా మడతలోంచి ఒకటి లేచి
నా ముంజేతి మీద వాలింది.
ఊపిరి బిగబట్టి, పక్కన నా పోగు పెట్టి చూశాను.

బూడిదరంగు కాదు.
బూడిదలో రవ్వంత పెసరపొట్టు.

పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేసి డబ్బీ తెప్పించాను.
విప్పుతున్నాను, ఇరవై మూడూ.